చేపలకి చలేస్తే... హీటరు కొనేముందు ఒక్క మాట!

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు మనవి. మే నెలలో నెల్లూరు పేరు చెబితే చాలు, చెమటలు పడతాయి. అలాంటి చోట నీళ్ళు వెచ్చబెట్టే హీటరు కొంటామంటే ఎవరైనా నవ్వుతారు. "మనకెందుకమ్మా హీటరు? ఎండాకాలం కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళే గదా!" అని మా ఎదురింటి పెద్దమ్మ వేళాకోళం చేసింది కూడా. ఆమె మాటలో నిజం లేకపోలేదు. ఏడాదిలో తొమ్మిది నెలలు మన తీరంలో అక్వేరియానికి హీటరుతో పనే లేదు. చిక్కంతా మిగిలిన ఆ రెండు మూడు నెలలతోనే.

మాది మైపాడు సముద్రానికి దగ్గర్లోని పల్లె. నాలుగేళ్ళుగా మా ముందుగదిలో రెండడుగుల చేపల తొట్టి ఉంది. నేను బళ్ళో పిల్లలకి సైన్సు చెబుతాను. అందుకే కాబోలు, ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న తోటి గృహిణులు కార్తీక మాసం రాగానే నన్ను ఒకటే అడుగుతుంటారు. "హీటరు కొనాలా? కొంటే ఏది కొనాలి? నీళ్ళల్లో కరెంటు పెడితే షాకు కొట్టదా?" అని.

మంచి ప్రశ్నలే. ఎందుకంటారా? తొట్టి కావాలని మారాం చేసేది పిల్లలు. ముచ్చటపడి కొనుక్కొచ్చేది మావారో, మీవారో. ఆ తర్వాత మేత వేసేదీ, అద్దాలు తుడిచేదీ, వారం వారం నీళ్ళు మార్చేదీ ఎవరు? మనమే కదా! అంటే ఆ నీళ్ళల్లో చెయ్యి పెట్టేది కూడా మనమే. కాబట్టి ఈ వస్తువు ఎంపికని కొట్టువాళ్ళకో, ఇంట్లో మగవాళ్ళకో వదిలెయ్యకుండా మనం నాలుగు సంగతులు తెలుసుకుని ఉండటం మంచిది.

అసలు చలి ఎవరికి?

మనకి బయట చలిగా ఉన్నా ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. చేపలకి అలా కాదు. నీళ్ళ వేడి ఎంతో, వాటి ఒంటి వేడి కూడా దాదాపు అంతే. నీళ్ళు చల్లబడితే వాటి ఒంట్లో పనులన్నీ మందగిస్తాయి. మేత ముట్టవు. ఒక మూలకి చేరి రెక్కలు ముడుచుకుంటాయి. రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది.

మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ వెనకే మార్గశిరం, పుష్యమాసాల మంచు. తెల్లవారుజామున 20, 21 డిగ్రీల దరికి వచ్చేస్తుంది. ఉత్తరాది చలితో పోలిస్తే ఇదొక చలేనా అనిపించవచ్చు. కానీ చేపని బాధపెట్టేది చలి ఒక్కటే కాదు, హెచ్చుతగ్గులు. చెరువులో నీళ్ళు ఎక్కువ కనుక రాత్రికి రాత్రి పెద్దగా మారవు. మన ఇంటి తొట్టిలో ఉండేది నాలుగైదు బిందెల నీళ్ళు. పగలు 27 డిగ్రీలున్న తొట్టి, కిటికీ పక్కనుంటే, తెల్లారేసరికి 23కి దిగిపోవచ్చు. మళ్ళీ మధ్యాహ్నానికి ఎక్కుతుంది. రోజూ ఇలా ఊయల ఊగితే ఏ ప్రాణికైనా కష్టమే.

అయితే చేపలన్నిటికీ హీటరు అక్కర్లేదు. ముందు మీ తొట్టిలో ఏం చేపలున్నాయో చూసుకోండి.

గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ళ చేప. 18 నుంచి 24 డిగ్రీలు దానికి హాయి. మన నెల్లూరు చలి దానికి పండగ. దానికి హీటరు పెట్టడమంటే ఎండాకాలంలో కంబళి కప్పినట్టే. గప్పీ, మోలీ, ప్లాటీ చేపలు 22 నుంచి 28 దాకా సర్దుకుపోతాయి. మూతపెట్టిన తొట్టి ఇంటి లోపలి గదిలో ఉంటే వీటికీ సాధారణంగా హీటరు అవసరం రాదు. ఏంజెల్, ఫైటర్ చేపలకి 24కి తగ్గకూడదు. ఫ్లవర్‌హార్న్ 26 పైన ఉంటేనే చలాకీగా ఉంటుంది. ఇక డిస్కస్ చేపకి 28 నుంచి 30 ఉండాలి. ఇలాంటివి పెంచేవాళ్ళకి మాత్రం చలికాలంలో హీటరు తప్పదు. గోల్డ్ ఫిష్‌నీ డిస్కస్‌నీ ఒకే తొట్టిలో వేస్తే ఎవరో ఒకరికి ఎప్పుడూ బాధే. చేపలు కొనేటప్పుడే ఇది చూసుకుంటే సగం ఖర్చు మిగులుతుంది.

తెల్లమచ్చ మాట వింటేనే...

చలికాలంలో అక్వేరియం చేపల రెక్కల మీద, ఒంటి మీద ఉప్పు కల్లు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనబడతాయి. దీన్ని వైట్ స్పాట్ అంటారు. ఆ మాట నోట రాగానే మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. ఎందుకో మీకూ తెలుసు. 1994-95లలో మన తీరంలో టైగరు రొయ్యల చెరువుల్ని తుడిచిపెట్టింది తెల్లమచ్చ తెగులే. నగలు కుదువబెట్టి గుంటలు తవ్విన కుటుంబాలు ఇక్కడ ఎన్నో!

కానీ ఈ రెండూ ఒకటి కావు. రొయ్యలకి వచ్చేది వైరస్ జబ్బు. చేపలకి వచ్చేది కంటికి కనబడని ఒక పరాన్నజీవి వల్ల. దీనికి మందుంది. అయితే ఆ జీవి చేప చర్మంలో దాగి ఉన్నంతసేపూ మందు దాన్నేమీ చెయ్యలేదు. అది బయటపడి నీళ్ళల్లో ఈదే దశలోనే చస్తుంది. నీళ్ళు చల్లగా ఉంటే ఆ దశకి రావడానికి చాలా రోజులు పడుతుంది. వెచ్చగా ఉంటే త్వరగా వస్తుంది, మందుకి దొరికిపోతుంది. అందుకే మందు వేసేటప్పుడు నీళ్ళని మెల్లగా, రోజుకి ఒకటి రెండు డిగ్రీలకి మించకుండా, 29, 30 దాకా పెంచుతారు. వేడి నీళ్ళల్లో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది కాబట్టి గాలి మోటారు ఆగకుండా తిరుగుతుండాలి. గోల్డ్ ఫిష్ ఉన్న తొట్టిలో ఇంత వేడి పెట్టకండి.

ఎన్ని వాట్లు కావాలి?

ఒక కొట్లో హీటరు అడిగితే, "పెద్దది తీసుకో అక్కా, బిరీన వేడెక్కుద్ది. చిన్నదానికీ దీనికీ యాభై రూపాయలేగా తేడా" అన్నాడు కుర్రాడు. వినడానికి బాగానే ఉంది. అన్నం కుక్కరు కొనేటప్పుడు మనం అలాగే ఆలోచిస్తాం. కానీ హీటరు దగ్గర ఆ లెక్క పనికిరాదు. ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాం రండి.

తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 30 సెంటీమీటర్ల తొట్టికి 54 లీటర్లు. గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోగా నీళ్ళు 45 లీటర్లు అనుకుందాం. లీటరుకి సుమారు ఒక వాటు అన్నది అందరూ పాటించే లెక్క. అంటే 50 వాట్లు చాలు. మన చలిలో గది 21, 22 డిగ్రీలుంటే నీళ్ళని 26కి తేవాలి. తేడా నాలుగైదు డిగ్రీలే. 50 వాట్ల హీటరు ఆ పని చేసేస్తుంది.

హీటరులో వేడి చూసి ఆపే భాగం ఒకటుంటుంది. అదే థర్మోస్టాట్. పాత రకం వాటిలో రెండు లోహాలు కలిపిన చిన్న పట్టీ ఉంటుంది. వేడెక్కితే అది వంగి కరెంటుని తెంచుతుంది, చల్లబడితే మళ్ళీ కలుపుతుంది. ఇలా కలిసిన ప్రతిసారీ అక్కడ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. వేల సార్లు జరిగాక ఒకరోజు ఆ రెండు మొనలూ అతుక్కుపోతాయి. ఇక హీటరు ఆగదు. లోపల ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది, నీళ్ళు కాగుతూనే ఉంటాయి.

ఇప్పుడు ఆ 45 లీటర్ల తొట్టిలో 300 వాట్ల హీటరు ఉందనుకోండి. బయటికి పోయే వేడిని పక్కనపెడితే, ప్రతి పదిన్నర నిమిషాలకి ఒక డిగ్రీ పెరుగుతుంది. 26 నుంచి 34కి చేరడానికి గంటన్నర కూడా పట్టదు. మీరు పక్క వీధిలో పెళ్ళికి వెళ్ళి, భోజనం చేసి తాంబూలం పుచ్చుకొచ్చేలోపు చేపలు ఉడికిపోతాయి. అదే 50 వాట్లదైతే ఒక డిగ్రీకి గంట పైమాటే. పైగా తొట్టి అద్దాల్లోంచి వేడి బయటికి పోతుంటుంది కనుక గది కంటే ఐదారు డిగ్రీలు పెరిగాక దాదాపు అక్కడే నిలబడిపోతుంది. చేపలు ఇబ్బంది పడతాయి, నిజమే. కానీ మీరు చూసి ప్లగ్గు పీకడానికి వ్యవధి దొరుకుతుంది.

చలి దేశాల వాళ్ళకి హీటరు పనిచెయ్యకపోతేనే భయం. ఎండల తీరంలో ఉండే మనకి అది ఆగకపోతేనే ఎక్కువ భయం. అందుకే మన దగ్గర చిన్న హీటరే మంచి హీటరు. తొట్టి వంద లీటర్లదైతే 100 వాట్లది ఒకటి కొనే బదులు 50 వాట్లవి రెండు కొనండి. ఒకటి ఆగిపోతే రెండోది కాస్తుంది. ఒకటి ఆగకుండా కాగినా ఒక్కదాని వల్ల తొట్టి ఉడికిపోదు.

స్నానాల రాడ్ వద్దే వద్దు!

ఇది పెద్ద అక్షరాలతో రాసుకోవాల్సిన మాట. మా వీధిలోనే ఒకింట్లో చేపలకి చలేస్తోందని స్నానాల నీళ్ళు కాచే ఇమ్మర్షన్ రాడ్‌ని తొట్టిలో దించారు. "ఒక్క నిమిషమేగా" అనుకున్నారు. ఆ రాడ్లు 1000, 1500 వాట్లవి. వాటిలో ఆపే ఏర్పాటే ఉండదు. 45 లీటర్లని రెండు మూడు నిమిషాలకొక డిగ్రీ చొప్పున కాచేస్తాయి. ఆ ఇంట్లో ఫోను మోగింది, మాటల్లో పడ్డారు, చేపలన్నీ పోయాయి. అదృష్టమేమంటే, చేపలు తేలాయని ఏడుస్తూ వచ్చిన ఆరేళ్ళ పిల్లాడు నీళ్ళల్లో చెయ్యి పెట్టలేదు. రాడ్ దించిన నీళ్ళని స్విచ్చి కట్టి, ప్లగ్గు తీస్తేగానీ తాకకూడదు. బకెట్ విషయంలోనే ఇది తప్పని నియమం. చిన్నపిల్లలు చేతులు పెట్టే తొట్టి సంగతి వేరే చెప్పాలా?

ఏ రకం కొనాలి?

కొట్లో ఎక్కువగా కనబడేది గాజు గొట్టం హీటరు. చవక, మంచిదే. కానీ గాజు మందంగా ఉండాలి. పైన రబ్బరు మూత గట్టిగా బిగిసి ఉండాలి. గొట్టం లోపల తేమ ఆవిరిలా కనబడితే ఆ వస్తువుని చేతిలోంచి కింద పెట్టెయ్యండి. ప్లాస్టిక్ తొడుగున్నవి గాజంత సులువుగా పగలవు. ఆస్కార్ లాంటి మొండి చేపలు తోకతో కొట్టి గాజు పగలగొడతాయి. సక్కర్ చేప హీటరుకి అంటుకుని ఒళ్ళు కాల్చుకుంటుంది. ఇలాంటివి ఉంటే చుట్టూ చిల్లుల తొడుగున్న హీటరు తీసుకోవాలి. టైటానియం లోహంతో చేసినవి పగలవు, ఉప్పునీళ్ళకీ తట్టుకుంటాయి. ధర ఎక్కువ.

అట్టపెట్టె మీద రాసింది తప్పక చదవండి. 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉండాలి. అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో పండక్కి వస్తూ మంచి కంపెనీదని ఒకటి తెచ్చిస్తే, అది 120 వోల్టులదేమో చూడండి. దాన్ని మన 230 వోల్టులకి పెడితే మూడున్నర రెట్ల పైగా వేడి పుట్టి గొట్టం పేలిపోతుంది. పూర్తిగా ముంచదగినది అని స్పష్టంగా ఉండాలి. ఐపీ 68 అనో ఐపీఎక్స్ 8 అనో రాసి ఉంటే, చివరి 8 అంకెకి అర్థం ఎప్పుడూ నీళ్ళల్లో మునిగి ఉండటానికి తయారైనదని. ఎంత లోతుదాకా అన్నది కూడా చూసుకోండి. అక్వేరియం కరెంటు సామాన్ల కోసమే ఐఈసీ 60335-2-55 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. ఆ సంఖ్య ఉంటే ఇంకా మంచిది. నీళ్ళు తగ్గితే తనంతట తనే ఆగే ఏర్పాటు ఉన్నవీ వస్తున్నాయి.

మా మరిది రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తాడు. అక్కడ నీళ్ళ వేడి 28 నుంచి 32 డిగ్రీల మధ్యలోనే ఉంచుతారు. ఒక రాత్రి అటూ ఇటూ అయితే లక్షల పిల్లలు పోతాయి. మా తొట్టికి హీటరు బిగించిన రోజు అతనొక మాట చెప్పాడు. "వదినా, హీటరు చెప్పేది నమ్మబాక. థర్మామీటరు చెప్పేదే నమ్ము. వేడి చేసేదీ, కొలిచేదీ ఒకటే అయితే అబద్ధం ఎవరు పట్టుకుంటారు?"

నాకు ఇంతకంటే మంచి సలహా ఇంకెక్కడా దొరకలేదు. హీటరు మీద 26 అని తిప్పినంత మాత్రాన నీళ్ళు 26 ఉన్నట్టు కాదు. రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. కాబట్టి విడిగా ఒక థర్మామీటరు కొనండి. జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు 35 దగ్గర మొదలవుతాయి. అద్దానికి బయట అంటించే పట్టీ గది వేడిని కూడా కలిపి చూపిస్తుంది. నీళ్ళల్లో ఉండే రకమే తీసుకోండి. చేయగలిగితే విడిగా దొరికే డిజిటల్ కంట్రోలరు కూడా పెట్టుకోండి. దాని తీగ నీళ్ళల్లో ఉండి వేడిని కొలుస్తుంది, హద్దు దాటితే హీటరుకి కరెంటే ఆపేస్తుంది. హీటరులోని థర్మోస్టాట్ అతుక్కుపోయినా పైన ఇంకొక కాపలా ఉన్నట్టు.

చేపలకంటే ముందు మనం

ఇక అసలు భయం సంగతి. నీళ్ళల్లో కరెంటు.

గాజుకి సన్నటి పగులు పడితే నీళ్ళల్లోకి కరెంటు దిగుతుంది. చేపలు మామూలుగానే ఈదుతూ ఉండవచ్చు. నేల మీద నిలబడి చెయ్యి పెట్టిన మనకి మాత్రం ఒంట్లోంచి భూమికి దారి దొరుకుతుంది. తడి చేతులు, చెప్పుల్లేని కాళ్ళు, అప్పుడే తుడిచిన గచ్చు. మన ఇళ్ళల్లో పొద్దుటిపూట ఇవన్నీ ఒకచోటే ఉంటాయి.

"మా ఇంట్లో ఎంసీబీ ఉందిగా" అంటారు చాలామంది. ఎంసీబీ కాపాడేది వైర్లని, మనుషుల్ని కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది ఎప్పుడూ లెక్క చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కంటి రెప్పపాటులో కట్ చేసేస్తుంది. ఇళ్ళకి ఈ 30 రకమే అడగండి. దాని మీద టెస్ట్ అని చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. కరెంటు పోతే అది పనిచేస్తున్నట్టు. పోకపోతే వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

ఎర్తింగ్ కూడా సరిగ్గా ఉండాలి. అది ఉంటే, ఎర్త్ తీగ ఉన్న సామాను లీకైనప్పుడు ఎవరూ తాకకముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది. పాత ఇళ్ళల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది కానీ వెనక ఎర్త్ తీగే ఉండదు. ఒకసారి చూపించుకోండి. హీటరు కొనే ఖర్చులో ఈ ఖర్చునీ కలుపుకోవాలి. డబ్బు ఒకదానికే ఉంటే, ముందు ఆర్‌సీసీబీ, ఆ తర్వాతే హీటరు.

ఉప్పుగాలి, ఉప్పునీళ్ళు

సముద్రం దగ్గర ఇళ్ళల్లో ఇత్తడి సామాన్లకి చిలుం ఎంత త్వరగా పడుతుందో మనకి తెలుసు. ప్లగ్గు కాళ్ళకి, సాకెట్ లోపలి రేకులకి కూడా అదే గతి. చిలుం పట్టిన చోట పట్టు వదులై వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. నెలకోసారి స్విచ్చి కట్టి ప్లగ్గు తీసి, కాళ్ళు పొడిగుడ్డతో తుడవండి. పట్టుకుంటే వెచ్చగా ఉన్నా, నల్లబడినా సాకెట్ మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుని తొట్టి కింద నేలమీద ఎప్పుడూ పెట్టకండి.

మన బోరు నీళ్ళల్లో ఉప్పు, సున్నం ఎక్కువ. కొన్నాళ్ళకి హీటరు చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు కడితే వేడి నీళ్ళకి అందదు, గొట్టం లోపలే కాగి పగులుతుంది. ప్లగ్గు తీసి, చల్లారాక బయటికి తీసి, మన పొదలకూరు నిమ్మకాయ చెక్కతో రుద్దండి. పావుగంట ఆగి మంచినీళ్ళతో కడగండి. సబ్బు తగలనివ్వకండి, చేపలకి విషం.

బిగించే ముందు, బిగించాక

* కొత్త హీటరుని వెంటనే చేపల మధ్య పెట్టకండి. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు పోసి, హీటరు ముంచి, థర్మామీటరు వేసి ఒక రోజంతా నడపండి. పిల్లలు అటు వెళ్ళకుండా చూడండి. అనుకున్న వేడి దగ్గర దీపం ఆరిపోయి, చల్లబడ్డాక మళ్ళీ వెలుగుతోందా? అయితే సరే. కొన్న చీటీ దాచుకోండి, తేడా ఉంటే మార్చుకోవచ్చు.

* ముందు నీళ్ళల్లో ముంచండి, పావుగంట ఆగి స్విచ్చి వెయ్యండి. తీసేటప్పుడు ముందు స్విచ్చి కట్టి ప్లగ్గు తీసి, అరగంట ఆగి అప్పుడు బయటికి తియ్యండి. వేడి గాజుకి చల్లగాలి తగిలితే చిట్లుతుంది.

* తొట్టిలో నీళ్ళు కదిలే చోట, గాలి బుడగల దగ్గర, అడుగుకి దగ్గరగా అడ్డంగా బిగించండి. ఇసుకలో పూడ్చకండి. థర్మామీటరుని రెండో చివర ఉంచండి.

* వైరు తొట్టి మీంచి తిన్నగా ప్లగ్గులోకి వెళ్ళకూడదు. సాకెట్ కంటే కిందికి ఒక వంపు వేలాడి, మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు వైరు వెంబడి జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది.

* నీళ్ళు మార్చేటప్పుడు అన్ని ప్లగ్గులూ తియ్యండి. స్విచ్చి కడితే చాలదు. ఇంట్లో పనిమనిషి తొట్టి కడిగితే ఆమెకీ ఇది నేర్పండి. ఆమె ప్రాణమూ ప్రాణమే.

* పొద్దున మేత వేసేటప్పుడు, రాత్రి దీపం ఆర్పేటప్పుడు థర్మామీటరు వంక ఒక్కసారి చూడండి. పాలపొయ్యి వంక చూసినట్టే.

కరెంటు బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. 50 వాట్ల హీటరు రోజులో సగం సేపు వెలిగినా అరయూనిట్ పైచిలుకు. నెలకి 18 యూనిట్లు.

తుఫాను రోజుల్లో

2021 నవంబరులో పెన్నకి వచ్చిన వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మనం మరిచిపోలేం. అలాంటప్పుడు కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేం, హీటరు ఉన్నా లేనట్టే. కంగారుపడి మరిగే నీళ్ళు తొట్టిలో పొయ్యకండి. మూతపెట్టి, చుట్టూ పాత దుప్పటి కప్పండి. మూత దగ్గర గాలి ఆడే సందు మాత్రం ఉంచండి. గోరువెచ్చటి నీళ్ళు నింపిన సీసా మూత బిగించి తొట్టిలో తేలేయండి. మేత ఆపెయ్యండి. పెద్ద చేపలు రెండు మూడు రోజులు మేత లేకున్నా బతుకుతాయి. హీటరు ప్లగ్గు తీసే ఉంచండి. కరెంటు వచ్చిపోతూ, వోల్టేజి ఎగిరిపడుతూ ఉంటే అప్పుడే పాడవుతుంది. ఇంట్లోకి నీళ్ళు వస్తుంటే మాత్రం చేపల ధ్యాస వదిలి మెయిన్ ఆపెయ్యండి.

ఫిబ్రవరి దాటాక...

రథసప్తమి వెళ్ళాక మన చలి పలచబడుతుంది. ఫిబ్రవరి నెలాఖరుకి హీటరు తీసేసి, కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి, పిల్లలకి అందని చోట దాచండి. ఎండాకాలంలో పనిలేని హీటరు నీళ్ళల్లో ఉండటం అనవసరం. మేలో నీళ్ళు వాటంతటవే 32 దాటుతాయి, ఆ పైన థర్మోస్టాట్ అతుక్కుపోతే చేపల్ని దేవుడే కాపాడాలి. మళ్ళీ కార్తీకంలో తీసినప్పుడు బకెట్ పరీక్ష చేసే పెట్టండి. గాజు మీద గీతలున్నా, వైరు బిరుసెక్కినా, లోపల తేమ కనబడినా మొహమాటం లేకుండా పారేయండి.

చేపలు జబ్బుపడితే సలహా అడగడానికి మనకి దగ్గర్లోనే ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. వైరింగ్ సంగతి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని అడగండి. ఈ రెండు పనులూ ఇంట్లో ఎవరో ఒకరు చేస్తారులే అని ఊరుకోకండి. ఈ కార్తీకం లోపే ఒక ఆదివారం పూట ఆర్‌సీసీబీ మీట నొక్కి చూడటంతో మొదలుపెట్టండి. అసలది మీ ఇంటి బోర్డులో ఉందో లేదో ఆ రోజే తెలిసిపోతుంది.